బొట్టు పెట్టిన రాయి

నాచారంలో మా ఇల్లు కట్టినప్పుడు నాన్న శ్రద్ధంతా హాలుకీ గేటుకీ ఖర్చయిపోయి, బాత్రూం దగ్గరికి వచ్చేసరికి సున్నం మాత్రం మిగిలిందట. ఆ గోడలకు ఏటేటా సున్నం కొట్టించేవాడు. ఆ సున్నం స్నానం చేసినవాళ్ల భుజాలకు అంటుకుని బయటికొచ్చేది. ఎవరు స్నానం చేశారో ఎవరు చేయలేదో మా ఇంట్లో భుజం చూసి చెప్పేవాళ్లం. నేను ఇంటర్ అయ్యేదాకా స్నానం చేయని రోజుల్లో కూడా ఆ గోడకు ఒకసారి భుజం రాసుకుని వచ్చేవాడిని.

అలాంటి గోడలకు గ్రానైటు రాళ్లు అతికిస్తానని బావ అన్నప్పుడు నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నాన్న ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో పెద్ద మెషీను దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఏ వార్తనైనా సైరన్ మోగినట్టే వింటాడు. రాయిని నేలకు వేస్తారు గానీ గోడకు వేస్తారా, పడితే జవాబుదారీ ఎవరు, లోపల సబ్బు రాసుకున్న మనిషి ఎటు ఉరకాలి అని వరసగా అడిగాడు. కళ్లలో సబ్బు ఉంటే రాయి పడేది కనపడదు కాబట్టి భయం కూడా ఉండదని నేను ధైర్యం చెప్పాను. నన్ను బయటికి పొమ్మన్నారు.

బావ అంటే మా అక్క మొగుడు. జనగామ దిక్కు ఊరు. సిటీకొచ్చి ఒక పెద్ద మేస్త్రి కింద టైల్స్ పని నేర్చుకున్నాడు, ఆ మేస్త్రి కిందనే ఉండిపోయాడు. ఉప్పల్‌లో, దమ్మాయిగూడలో ఆయన పరిచిన నేలలు ఎన్నో ఉన్నాయి. వాటి మీద నడిచేవాళ్లలో ఒక్కరికీ ఆయనెవరో తెలియదు. పని బావది, మేస్త్రి అనే పిలుపు ఇంకొకరిది. ఇప్పుడు బోడుప్పల్‌లో అపార్ట్‌మెంటు కడుతున్న ఒక బిల్డర్‌కి బాత్రూం గోడలన్నిటికీ మామూలు టైల్స్ బదులు బరువైన గ్రానైటు వేయించాలని కోరిక పుట్టింది. ఎవరో బావ సంగతి చెప్పారు. నీ చేత్తో నువ్వొక్కడివే చేసిన గోడ ఒకటి చూపించు, అది నిలబడితే బిల్డింగు మొత్తం నీకే అన్నాడాయన. ఆదివారం పొద్దున వచ్చి చూస్తానన్నాడు.

చూపించడానికి బావకు తనదంటూ ఒక్క గోడ లేదు. వాళ్లుండేది లాలాపేట్‌లో అద్దెకు. ఆ ఓనరు క్యాలెండర్‌కి మేకు కొట్టనివ్వడు. అందుకని అక్క మా ఇంటికొచ్చి మా బాత్రూం చుట్టూ ఒకసారి తిరిగి, పని అక్కడే అని తేల్చింది. అడగడం కాదు, చెప్పడం. నాన్న మళ్లీ సబ్బు విషయం ఎత్తబోయాడు.

"ఈయన మేస్త్రి అనిపించుకోవాలె నాయినా. జిందగీ మొత్తం ఇంకొకని పేరు మీద గోడలు కట్టుకుంట ఉంటడా?" అంది అక్క.

నాన్న కూర్చున్నాడు. మా ఇంట్లో నాన్న లేచి నిలబడ్డ విషయాలన్నీ ఇలా కూర్చోవడంతోనే ముగుస్తాయి.

రాళ్లు ఉప్పల్‌లో ఒక గ్రానైటు యార్డులో దొరికాయి. ఎవరో ఆర్డరిచ్చి వద్దనుకుని వదిలేసిన సరుకు. తెల్లటి రాయి, మధ్యమధ్య నల్లటి చుక్కలు. చూస్తే పెరుగన్నంలో ఆవాలు పడ్డట్టుంది. ఒక్కో రాయి లేపాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఇద్దరిలో ఒకరు నేనైతే ముగ్గురు కావాలి. ట్రాలీ ఆటోలో ఎక్కించి తాడు కట్టి, కదలకుండా వాటి మీద నన్ను కూర్చోబెట్టాడు బావ. రింగు రోడ్డు దగ్గర మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్ ఆగితే, పక్కన బైకు మీదున్న పెద్దాయన రాళ్ల వంకా నా వంకా చూసి గొంతు తగ్గించి సమాధికా అని అడిగాడు. కాదు, బాత్రూంకి అన్నాను. ఆయన ఇంకా జాలిగా చూశాడు.

ఇంటికి తెచ్చాక రాళ్లన్నీ వరండాలో గోడకు చేరేసి, బావ అమ్మతో ఒక్కటే మాట చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఆయన ఉప్పల్ నుంచి మాటలు కూడబెట్టుకుంటూ వచ్చాడని నాకు తెలుసు, ఎందుకంటే అత్తగారితో బావ మామూలుగా తలకాయతోనే మాట్లాడతాడు. అవునంటే కిందికి, కాదన్నా కిందికే.

"అత్తమ్మా, తెల్ల రాయి. మొఖం మీద పసుపు ఒక్క చుక్క పడ్డా గుంజుకుంటది, మల్ల ఎన్నడు పోదు. జర ముట్టుకోకుర్రి."

అమ్మ వెంటనే సరేనంది. మాకందరికీ అక్కడే అనుమానం రావాల్సింది. మా అమ్మ చేతికి పసుపు గిన్నె అందితే ఇంట్లోకి కొత్తగా వచ్చిన ఏ వస్తువూ తప్పించుకోలేదు. ఫ్రిజ్జుకు బొట్టు ఉంది, ఇన్వర్టర్‌కి బొట్టు ఉంది, గ్యాసు పొయ్యికి రెండున్నాయి. నా ఆఫీసు ల్యాప్‌టాప్ మూత మీద నడిమధ్య ఎర్ర చుక్క ఉంటుంది. ఆఫీసులో అందరూ దాన్ని కంపెనీ గుర్తు అనుకుంటారు. అలాంటి మనిషి, కొత్త రాళ్లు ఇంటికొస్తే, ముట్టుకోనని ఒప్పుకుంది. అల్లుడంటే అంత గౌరవమనుకున్నాం.

పాత సున్నం గీకించి గోడలు గరుకుగా చేయించడంతో మాకు బాత్రూం లేకుండా పోయింది. మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక దుప్పటి కట్టి నాన్న స్నానం అక్కడికి మార్చుకున్నాడు. గాలికి దుప్పటి లేచినప్పుడల్లా ఎదురు మేడ మీద బట్టలారేసే ఆంటీ దండం పెట్టి కిందికి దిగిపోయేది. నేను ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాను. మాది ఇంటి నుంచి పనిచేసుకోవచ్చనే ఉద్యోగం. కానీ ఉప్పల్‌లోని ఆఫీసులో షవరుంది, వేడినీళ్లు వస్తాయి. అందరికంటే ముందే వచ్చి తడి తలతో కూర్చునే నన్ను చూసి మా మేనేజరు కదిలిపోయాడు. పని మీద నాకున్న ప్రేమ గురించి మీటింగులో రెండు ముక్కలు చెప్పాడు. నేను వినయంగా తల దించుకున్నాను. తలకు ఇంకా షాంపూ వాసన వస్తోంది.

బావ పని తీరు వేరు. కింది వరసతో మొదలుపెట్టడు. బాత్రూం నేలకు నీళ్లు పోయే వాలు ఉంటుంది, ఆ వాలు మీద రాయి పెడితే పైదాకా అన్నీ వంకర పోతాయట. అందుకే నేల నుంచి కొంత ఎత్తు వదిలి, రసమట్టం పెట్టి సమం చూసి, గోడకు అడ్డంగా ఒక చెక్క పట్టీ మేకులతో కొడతాడు. పై వరస ఆ పట్టీ మీద కూర్చుంటుంది. గోడకూ రాయి వెనక్కూ గమ్ము పూసి, పళ్లున్న తాపీతో దువ్వి, రాయిని ఆనించి రబ్బరు సుత్తితో సవరిస్తాడు. గమ్ము పట్టుకున్నాక పట్టీ ఊడబీకితే రాళ్లు వాటంతట అవే నిలబడతాయి. అప్పుడు కింద మిగిలిన జాగాకు రాయి కోసి కూర్చోబెడతాడు. ఇదంతా బావ నాకు చెప్పింది కాదు, దువ్వుతున్న గమ్ముకు చెప్పుకుంటుంటే నేను విన్నది.

మొదటి రాయి పెట్టే పొద్దున నేను ఆఫీసులో తలంటుకుంటున్నాను. సాయంత్రం వచ్చేసరికి తలుపుకు ఎదురుగా ఉన్న గోడ మధ్యలో ఆ రాయి నిలబడి ఉంది, దానికి అటూ ఇటూ ఇంకొన్ని. మొఖం మీద ఒక్క మరకా లేదు. అమ్మ మహా సంతోషంగా ఉంది. బావ మాత్రం అన్నం సగంలో లేచాడు. చేయి కడుక్కుని పోయి ఆ మొదటి రాయిని అరచేత్తో తడిమి వచ్చాడు. కాసేపాగి మళ్లీ పోయాడు. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు చూస్తున్నాడు. ఏమైందని అడిగితే ఏం లేదన్నాడు. దానికి థర్మామీటరు పెడదామా అన్నాను. మామూలుగా నవ్వే మనిషి, నవ్వలేదు.

శనివారానికి మిగిలిన రాళ్లన్నీ ఎక్కాయి. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. నాన్న లోపలికి పోయి కాసేపు ఉత్తినే నిలబడి వచ్చి, పడేటట్టు లేదే అన్నాడు, కాస్త నిరాశగా.

ఆదివారం పొద్దున్నే, బిల్డర్ వచ్చేలోపు కింది వరస కూడా అయిపోవాలని బావ పట్టీ మేకులు పీకాడు. నేను తలుపు దగ్గర చాయ్ గ్లాసుతో నిలబడి ఉన్నాను. పట్టీ కింద పడింది. రాళ్లన్నీ గోడను పట్టుకుని ఉన్నాయి. ఒక్క మొదటి రాయి మాత్రం, బస్సులో నిద్రపోయిన మనిషి పక్కవాడి మీదికి ఒరిగినట్టు, మెల్లగా, ఏ తొందరా లేకుండా, రెండు వేళ్ల మందం కిందికి జారింది.

బావ రెండు చేతులతో దాన్ని గోడకేసి అదిమాడు. "బామ్మర్ది, ఒరుగు" అన్నాడు. నేను చాయ్ కింద పెట్టి, వెనక్కి తిరిగి, వీపు మొత్తం రాయికి ఆనించి కాళ్లు తన్నిపెట్టాను. ఆయన మెల్లగా చేతులు తీశాడు. ఆ క్షణం నుంచి మా బావ భవిష్యత్తు నా నడుం మీద ఉంది.

నాన్న వచ్చి చూసి "అయిపాయె" అన్నాడు. కరెంటు పోయినా, పాలు విరిగినా ఆయన అనేది అదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. లాలాపేట్ నుంచి అక్క దిగింది. అన్ని రాళ్లూ ఉండగా ఇదొక్కటే ఎందుకు జారిందని బావను అడిగింది. గమ్ము సంచి సంగతి ఏదో గొణిగి బావ నేల చూశాడు. అన్ని రాళ్లకూ అదే సంచి కదా అంది అక్క. బావ ఇంకా కిందికి చూశాడు. అమ్మ మాత్రం ఇది ఖచ్చితంగా ఎదురు మేడ ఆంటీ దిష్టి అని తేల్చి, ఉప్పూ మిరపకాయలూ తెచ్చి రాయికి తిప్పబోయింది. రాయికీ ఆమెకూ మధ్య నేనున్నాను. రాయికని మొదలుపెట్టిన దిష్టి నాకు తీసినట్టయింది. అందగాడినని ఇన్నేళ్లలో మా ఇంట్లో వాళ్లు ఒప్పుకున్నది ఆ ఒక్కసారే, అదీ పొరపాటున.

అంతలో బిల్డర్ ఫోన్ చేశాడు. నాచారం వచ్చేశాడట, ఇల్లెక్కడ అని. బావ మళ్లీ పట్టీ కొడతానని సుత్తి తీసుకున్నాడు. అక్క సుత్తి లాక్కుంది. ఆమె లెక్క సూటిగా ఉంది. పట్టీ కొడితే ఆయనకు పట్టీ కనబడుతుంది, నేనైతే మనిషిలా కనబడతాను. నన్ను కదలొద్దని, నవ్వొద్దని, ముఖ్యంగా నోరు తెరవొద్దని చెప్పింది. మొదటి రెండూ ప్రయత్నిస్తానన్నాను.

బిల్డర్ తెల్ల చొక్కాలో, చేతిలో బండి తాళంతో వచ్చాడు. తక్కువ మాట్లాడే రకం. తలుపు దగ్గర నిలబడి గోడంతా ఒకసారి చూశాడు. చివర్న నన్ను చూశాడు. నేను చేతులు కట్టుకుని, ఒక కాలు మడిచి పాదం రాయికి ఆనించి, రోజూ పొద్దున ఇక్కడే ఇలాగే నిలబడతానన్నట్టు నిలబడ్డాను. ఆయన తాళంతో ఒక్కో రాయినీ కొట్టి చూడటం మొదలుపెట్టాడు. లోపల గమ్ము నిండా ఉంటే గట్టి చప్పుడు వస్తుంది, ఖాళీ ఉంటే డొల్ల చప్పుడు. అన్నీ గట్టిగానే మోగాయి. పై రాయి కొట్టాడు, ఎడమ రాయి కొట్టాడు, కుడి రాయి కొట్టాడు. నా చుట్టూ ప్రదక్షిణ పూర్తయింది.

"తమ్మి, జర పక్కకు" అన్నాడు.

నేను అక్క వంక చూశాను.

"వానికి నడుం నొప్పి అన్నా" అంది అక్క, ఏమాత్రం తడుముకోకుండా. "రాయి చల్లగుంటదని డాక్టర్ ఒరగమన్నడు."

బిల్డర్ నా నడుం వంక సానుభూతిగా చూశాడు. నేను కొంచెం మూలిగాను. ఇంత చేస్తున్నప్పుడు ఆ మాత్రం మనవంతు అనిపించింది. ఆయన తలాడించి, పని బాగుందన్నాడు. ఇక తిరిగి వెళ్లిపోతాడనే అనుకున్నాం. అక్క ఊపిరి వదిలింది. అప్పటికి వీపు మీద నుంచి చెమట కారుతోంది, రాయి నాతోపాటు ఒక నూలుపోగంత జారిందని నాకొక్కడికే తెలుసు.

అప్పుడు బావ లోపలికి వచ్చాడు.

"బామ్మర్ది, జరుగు."

నేను జరగలేదు. అక్క మొఖం చూడలేక పైకి చూశాను. పైన బల్బు ఉంది, దానికీ ఒక బొట్టు ఉంది. బావ వచ్చి నా భుజం పక్క నుంచి రాయి అంచు పట్టుకున్నాడు.

"సార్, ఇదొక్కటి నిలబడలే. వాడు పట్టుకున్నడు. మీకు చూపియ్యకుంట మీ బిల్డింగుల రాళ్లు పెడితే, రేపు అండ్ల తానం చేసేటోల్లకు బామ్మర్దులు ఉండొద్దా?"

నేను చాలా జోకులు వేస్తాను. అంత మంచిది నాకెప్పుడూ తట్టలేదు. పైగా ఆయన జోకు అనుకుని చెప్పలేదు.

ఇద్దరం రాయిని దించి, మొఖం గోడవైపు తిప్పి పెట్టాం. వెనక భాగం అందరికీ కనబడింది. అంచుల్లో గమ్ము అక్కడక్కడా అంటుకుని ఉంది. మధ్యంతా నూనెలో కలిపిన పసుపు, పెళ్లికూతురికి నలుగు పెట్టినంత మందంగా, ఆ మూల నుంచి ఈ మూల దాకా. దాని మీద వరసగా కుంకుమ బొట్లు. గోడకున్న గమ్ము మీద ఆ బొట్లన్నీ మళ్లీ ఒకసారి అచ్చుపడి ఉన్నాయి. నూనె ఉన్నచోట గమ్ము రాయిని పట్టలేదు. అద్దంలా నున్నగా జారిపోయింది.

అందరం అమ్మ వంక తిరిగాం. అమ్మకు తప్పుచేసినట్టే లేదు.

"మొఖానికి అంటొద్దన్నడు గదా అల్లుడు. అంటలే. ఎనకకు పెట్టిన" అంది. తర్వాత ఆమెకే ఏదో తట్టి బావ వంక చూసింది. "గమ్ము పూసెటప్పుడు నువ్వు జూసినవు గద బిడ్డా. ఎందుకు తుడ్వలే?"

బావ తిప్పి పెట్టిన రాయి వంక చూశాడు.

"బొట్టెట్ల తుడుస్తం అత్తమ్మా."

నా దగ్గర అప్పటికే మూడు మాటలు సిద్ధంగా ఉన్నాయి, మూడూ మంచివే. ఒక్కటీ బయటికి రాలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను, భుజాలు చూస్తే నవ్వు ఆపుకుంటోంది. ఆమెను చూసి అక్క మొదలుపెట్టింది, చేతిలో సుత్తితోనే. నాన్న ఒక్కడే నవ్వకుండా నిలబడి, మెల్లగా తన కళ్లద్దాలు తీసి చూసుకున్నాడు. వాటికీ బొట్టు ఉందేమోనని.

బిల్డర్ వంగి వేలితో ఆ నూనె తాకి చూశాడు. లేచి బావతో చెప్పాడు, మిగతా మేమెవరం అక్కడ లేనట్టు.

"మా ఇంటి లిఫ్టు మోటర్ల మా అత్తమ్మ కొబ్బరినీళ్లు పోసింది. నేను గూడ ఏమనలే."

ఎన్ని రోజులు మెట్లెక్కారని నేను అడిగాను. ఇంకా ఎక్కుతున్నామన్నాడు.

అంతటితో పోతే బాగుండేది. ఆయన పక్క రాయి చూపించి, బొట్టులేని రాయి ఎట్లుంటదో చూస్తా, అది ఊడబీకు అన్నాడు. బావ ఉలి పెట్టి కొట్టాడు. రాలేదు. గడ్డపార తెచ్చాం. గడ్డపార వంగేటట్టుంది గానీ రాయి మాత్రం ఈ గోడ తనదే అన్నట్టుంది. నేనూ ఒక చేయి వేశాను. నాన్న తలుపు దగ్గర చెవులు మూసుకున్నాడు. ఆఖరికి అది మూల విరిగి, కింద పడుతూ గోడ ప్లాస్టరు పెద్ద పెచ్చుగా తనతో తీసుకుపోయింది. లోపలి ఇటుకలు కనబడ్డాయి. ఆ రాయి వెనక తాపీ పళ్ల గీతలన్నీ నిండి, ఎక్కడా వేలు దూరే ఖాళీ లేదు.

"అయిపాయె" అన్నాడు నాన్న. జీవితంలో మొదటిసారి ఆయన మాట నిజమైంది. మా గోడ అయిపోయింది.

బిల్డర్ ఇటుకల వంక తృప్తిగా చూసి, చేతులు దులుపుకున్నాడు. గేటు దాకా పోయి బండి ఎక్కాక వెనక్కి తిరిగాడు.

"మంగళారం బోడుప్పల్ రా, మేస్త్రీ."

బావ తల ఆడించాడు. కిందికి. బండి మలుపు తిరిగేదాకా ఆడిస్తూనే ఉన్నాడు. అక్క లోపలికి పోయి ఆయన సగంలో వదిలే అన్నం గురించి ఏదో తిట్టడం మొదలుపెట్టింది. సంతోషమొస్తే ఆమె అలాగే చేస్తుంది.

మంగళవారం అమ్మ కూడా బోడుప్పల్ పోయింది. పసుపు గిన్నె వెంట తీసుకుపోయింది. రాళ్ల దగ్గర అందరం ఊపిరి బిగబట్టాం. ఆమె రాళ్లన్నిటినీ దాటుకుని పోయి, మూతి విప్పని గమ్ము సంచి మీద ఒక బొట్టు పెట్టి, అల్లుడి నుదుటన ఒకటి పెట్టి, ఇంకెవరికీ ఏమీ పెట్టకుండా బస్సెక్కి వచ్చేసింది. ఆ రోజంతా బావ చెమట తుడుచుకోవాల్సి వస్తే నుదురు వదిలి చెంపలు తుడుచుకున్నాడని అక్క చెప్పింది.

ఇప్పుడు ఆ బిల్డింగులో చాలా బాత్రూంలు అయిపోయాయి. అన్నీ నిలబడి ఉన్నాయి, ఎవరి బామ్మర్దులూ లేకుండానే. మా ఇంట్లో మాత్రం తలుపుకెదురుగా రెండు రాళ్ల జాగా ఖాళీగా ఉంది. ఒకదాంట్లో గమ్ము మీద కుంకుమ బొట్లు, ఒకదాంట్లో ఇటుకలు. ఇటుకల సందులో నాన్న సబ్బు పెట్టుకుంటున్నాడు. కింది వరస పడనే లేదు. అమ్మ వారానికోసారి ఫోన్ చేసి అడుగుతుంది. మేస్త్రిగారికి అస్సలు తీరిక లేదట. వచ్చే ఆదివారం ఖాయం అత్తమ్మా అంటాడు.

నేను ఇంకా ఆఫీసులోనే స్నానం చేస్తున్నాను. ఈమధ్యనే ప్రమోషన్ ఇచ్చారు.